థెరపీ ఇంట్లో మీరే చేసుకోండి అంటున్నారు, ఇది సపోర్టా లేక వదిలించుకోవడమా?

బుజ్జోడి_అమ్మ
మా వాడికి నాలుగేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడుకి చిన్నప్పుడే దెబ్బ తగిలి కదలికలు అదుపులో ఉండవు, రెండు కాళ్లూ బిగుసుకుపోతాయి, ఏదైనా పట్టుకుంటే నిలబడతాడు, వదిలితే కూలబడిపోతాడు. ఇన్నాళ్లూ వారానికోసారి సెంటర్‌కి తీసుకెళ్తున్నాం, పోనూ రానూ సగం రోజు అయిపోతుంది, అక్కడ చేసేది ముప్పావు గంట, అందులో సగం వాడి ఏడుపే. ఇప్పుడేమో వాళ్లు మీ దగ్గర్లోనే గ్రూపు పెడుతున్నాం, ఐదారు కుటుంబాలు కలుస్తారు, మేమొచ్చి నేర్పిస్తాం, మిగతా రోజులు ఇంట్లో మీరే చేసుకోండి అంటున్నారు. దీన్నే కమ్యూనిటీ థెరపీ అంటారంట. చేతిలో ఒక షీటు పెట్టారు, రెండు వైపులా బొమ్మలు, ఒక్కోటి పదేసి సార్లు, మూడు పూటలా. చదువుతుంటేనే నాకు కళ్లు తిరిగాయి. వంట, పెద్దదాని స్కూలు, వీడి స్నానం, మందులు, రాత్రి నిద్ర లేకపోవడం, వీటన్నిటి మధ్య ఇదొకటా? నిజంగా పిల్లలకి మంచిదనే చేస్తున్నారా, స్టాఫ్ లేక మా నెత్తిన పడేస్తున్నారా? మా ఆయన సెల్లు చూసుకుంటూ "మంచిదేగా, ప్రయాణం తప్పుతుంది" అనేశాడు. చేసేది ఆయన కాదుగా మరి.

కోపిష్టి_నాన్న
నెత్తిన పడేయడమే. డౌటే లేదు.

రెండో_షిఫ్ట్
మా ఇంట్లోనూ సేమ్ సెల్లు, సేమ్ డైలాగు 😄

వీధిచివరి_ఫిజియో
కోపిష్టి గారూ, అంత తొందరగా తీర్పు ఇచ్చేయకండి. నేను ఈ పనే చేస్తాను కాబట్టి నా వైపు కూడా వినండి.

సెంటర్‌కి రాగలిగేవాళ్లు కొందరే, రాలేనివాళ్లు చాలామంది, మరి వాళ్ల సంగతేంటి అనే ప్రశ్నలోంచి వచ్చిందే ఈ కమ్యూనిటీ పద్ధతి. అందరికీ ప్రాథమిక వైద్యం అందాలన్న 1978 ఆల్మా ఆటా డిక్లరేషన్ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టింది, 2010లో గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. వాటిలో ఐదు భాగాలుంటాయి, ఆరోగ్యం, చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, తమ హక్కుల కోసం తామే నిలబడగలిగే శక్తి. మనం మాట్లాడుకునే థెరపీ ఆ మొదటి దాంట్లో ఒక ముక్క, అంతే. కాబట్టి ఒక షీటు చేతిలో పెట్టి దానికి కమ్యూనిటీ అని పేరు పెడితే అది కమ్యూనిటీ అయిపోదు, ఆ మాట వరకు మీతో ఏకీభవిస్తా.

బుజ్జోడి అమ్మగారూ, మీ షీటు మీద నాకు కోపం వచ్చింది నిజం చెప్పాలంటే. మూడు పూటలా అన్ని ఎవరూ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ వాళ్లు 2009లో ఒక ట్రయల్ వేశారు, సీపీ ఉన్న పిల్లలకి ఇంట్లో చేసే ఓటీ ప్రోగ్రాం, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేది. ఆ కుటుంబాలు చేసింది సగటున నెలకి పదిహేడు పద్దెనిమిది సార్లు, ఒక్కోసారి పదహారు పదిహేడు నిమిషాలు. ఎనిమిది వారాల్లో తేడా కనపడింది. అంటే రోజూ కూడా కాదు! కాకపోతే ఏం చేయాలో ముందు కుటుంబమే చెప్పింది, వాడు ఏ పని సొంతంగా చేసుకుంటే ఇంట్లో మీకు తేలికవుతుందో ఆ పని. దాన్ని బట్టే ప్రోగ్రాం రాశారు. షీటు ఇచ్చినవాళ్లు మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగారా?

బుజ్జోడి_అమ్మ
లేదండీ. జిరాక్స్ కాపీ ఇచ్చారు. పక్క పాపకి కూడా అదే, ఆ పాపకి అసలు చెయ్యి ప్రాబ్లం.

రెండో_షిఫ్ట్
చెయ్యి ప్రాబ్లంకి కాళ్ల షీటా 🤦

కోపిష్టి_నాన్న
ఫిజియో గారూ, మీరు రాసినవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. మాకు జరిగింది చెప్తా వినండి. మా పాపకి ఇలాగే గ్రూపు అన్నారు. మొదట్లో ఫిజియో వచ్చేది, తర్వాత నెలకోసారి, తర్వాత ఆమె మానేసింది, ఆమె ప్లేసులో ఏదో చిన్న ట్రైనింగ్ అయిన అమ్మాయిని పంపారు. మంచి అమ్మాయే, పాపతో బాగా ఆడేది, నేను ఆమెని ఏమీ అనను. కానీ పాప తుంటి గురించి ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు. ఎక్స్‌రే అనే మాటే రాలేదు. డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు సరిగ్గా తెరుచుకోవట్లేదని మా ఆవిడ చెప్తుంటే స్ట్రెచింగ్ ఇంకొంచెం చేయండి అన్నారు. తీరా వేరే చోట చూపిస్తే తుంటి ఎముక సాకెట్‌లోంచి సగం బయటికి వచ్చేసింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు చెప్పండి, దగ్గర్లో గ్రూపు ఉండి ఎవరికి లాభం?

వీధిచివరి_ఫిజియో
దీనికి నా దగ్గర ఎదురు మాట లేదండీ. ఇది జరగకూడనిది.

అందరికీ తెలియాల్సిన విషయం కాబట్టి రాస్తున్నా. సీపీలో పిల్లలు ఎంతవరకు నడవగలరు అనేదాన్ని ఐదు లెవెల్స్‌గా చూస్తారు, జీఎంఎఫ్‌సీఎస్ అంటారు. ఒకటి అంటే ఏ సాయం లేకుండా నడిచేవాళ్లు, ఐదు అంటే తల నిలపడం కూడా కష్టమైనవాళ్లు. తుంటి పక్కకి జరగడం ఒకటో లెవెల్లో దాదాపు ఉండదు, ఐదో లెవెల్‌కి వచ్చేసరికి పదిమందిలో తొమ్మిదిమందికి ఉంటుంది. మొదట్లో నొప్పి ఉండదు, చేత్తో చూస్తే కూడా తెలియకపోవచ్చు, అందుకే ఎక్స్‌రే ఒక్కటే దారి. ఆరు నెలలకా ఏడాదికా అనేది లెవెల్‌ని బట్టి, ముందు ఎక్స్‌రేలో ఏముంది అనేదాన్ని బట్టి డాక్టర్ చెప్తారు. గ్రూపులో చేరినా ఇది మాత్రం ఆగకూడదు.

స్ట్రెచింగ్ గురించి కూడా ఒక మాట. రోజూ చేత్తో సాగదీస్తే కీలు బాగా కదులుతుందని అందరం అనుకుంటాం, 2017 కోక్రేన్ రివ్యూలో, అంటే దీని మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసిన దాంట్లో, చూస్తే పెద్దగా తేడా రావట్లేదనే తేలింది. అలాగని కాళ్లకి కట్టే స్ప్లింట్లు తీసి అటక మీద పడేయకండి బాబూ, ఏది ఆపాలన్నా మీ థెరపిస్టుని అడిగే ఆపండి. నేను చెప్పేది ఏంటంటే పిల్లాడిని పడుకోబెట్టి ఏడుస్తుంటే కాళ్లు లాగడం కన్నా వాడు నిలబడి ఏదో ఒక పని చేసుకోవడమే మేలు.

మూడు_చక్రాల_రాజు
ఇంత సేపూ అమ్మానాన్నలు, ఫిజియోలు మాట్లాడారు, ఇప్పుడు నేను మాట్లాడతా. నాకు ముప్పై దాటాయి, సీపీ, వీల్‌చైర్‌లో తిరుగుతా, ఉద్యోగం చేస్తా, ఈ ఫోరంలో అనవసరంగా గొడవలు పెట్టుకుంటా.

నా చిన్నప్పుడు ఇంట్లో నాకు అమ్మ లేదు, ఫుల్‌టైం కోచ్ ఉండేది. పొద్దున లేస్తే కాళ్లు, స్కూలు నుంచి రాగానే కాళ్లు, చుట్టాలు వచ్చినా "ఉండండి వీడి కాళ్లు అయిపోనీయండి" అనేది. పాపం ఆమెకి ఎవరో నడుస్తాడు అని చెప్పారు, చేస్తే నడుస్తాడు అంటే చేయకపోతే తప్పు ఎవరిది అని ఆమె ప్రాణం పీక్కునేది. కూర్చోవడం, నడవడం లాంటి పెద్ద కదలికలు ఎంతవరకు వస్తాయో అందులో తొంభై శాతం ఐదేళ్లలోపే వచ్చేస్తాయని కెనడాలో 2002లోనే గ్రాఫులు గీశారు, రోజెన్‌బామ్ వాళ్లు. ఐదు దాటాక థెరపీ దండగ అని కాదు దానర్థం, నడక కోసం మిగతా బతుకంతా ఆపేయొద్దని. అదే రోజెన్‌బామ్, గోర్టర్ అనే ఇంకో ఆయన కలిసి 2012లో ఒక లిస్టు రాశారు, పిల్లాడు చేసే పనులు, కుటుంబం, ఒంటి దారుఢ్యం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు. నా ఫైల్లో మొదటిది తప్ప మిగతావి ఎవడూ రాయలేదు.

అయినా నేను గ్రూపుకే ఓటేస్తా అక్కా. ఎందుకంటే నాలాంటి ఇంకో పిల్లాడిని నేను మొదటిసారి చూసింది అలాంటి గ్రూపులోనే. వాడు నాకన్నా ఘోరంగా పడేవాడు, పడి పకపకా నవ్వేవాడు. ఇప్పటికీ ఫోన్ చేసుకుంటాం. సెంటర్‌లో అయితే ఒకడు లోపలికెళ్తే ఒకడు బయటికి, ఎవడి మొహం ఎవడూ చూడడు.

రెండో_షిఫ్ట్
"ప్రాణం పీక్కునేది" దగ్గర ఆగిపోయాను రాజు గారూ. ఈ రోజు మా వాడికి ఎక్సర్‌సైజులు కట్, బయటికి తీసుకెళ్తున్నా.

నమ్మకమే_బలం
ఇవన్నీ ఎందుకండీ, మేము మా బాబుకి ఆక్సిజన్ ఛాంబర్ చేయించాం, ప్రెషర్‌తో ఇస్తారు, నలభై సిట్టింగులు. కూర్చోవడం వచ్చింది, చూపు నిలిచింది, మాట కూడా క్లియర్ అయింది. కావాల్సినవాళ్లు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, నంబర్ ఇస్తా.

మోడరేటర్
నంబర్లు, ప్రైవేట్ మెసేజ్ పిలుపులు వద్దు. అనుభవం రాయొచ్చు, ప్రచారం కుదరదు.

వీధిచివరి_ఫిజియో
నమ్మకం గారూ, బాబు మెరుగయ్యాడంటే నేను నమ్ముతా, సంతోషం. కానీ ఛాంబర్ వల్లేనా? 2001లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో ఒక స్టడీ వచ్చింది, 111 మంది సీపీ పిల్లలు, నలభై సిట్టింగులే, మీ లెక్కే. సగం మందికి అసలు ఆక్సిజన్ ట్రీట్‌మెంట్, సగం మందికి ఊరికే కొంచెం ప్రెషర్‌తో మామూలు గాలి. రెండు వైపులా పిల్లలు మెరుగయ్యారు, ఒకేలా మెరుగయ్యారు! అమ్మానాన్నలు రోజూ పక్కనే ఉండటం, పిల్లలతో అంత సేపు గడపడం, ఏదో జరుగుతుందన్న ఆశ, వీటి ప్రభావం కూడా ఉండొచ్చని అప్పుడే చర్చ నడిచింది.

కోపిష్టి_నాన్న
అంటే మామూలు గాలికి డబ్బులు తీసుకుంటున్నారన్నమాట. బిజినెస్ అంటే అదీ.

నమ్మకమే_బలం
మీకు చెప్పినా అర్థం కాదులెండి. మా బాబుని చూస్తే తెలుస్తుంది.

మాటల_మూట
మళ్లీ గ్రూపు దగ్గరికి వద్దాం. మాది సీపీ కాదు, ఆటిజం, పాపకి ఆరేళ్లు, మాటలు రావు. మాకు పేరెంట్స్ గ్రూపు ట్రైనింగ్ జరిగింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ అది, తొమ్మిది గ్రూపు సెషన్లు, మూడు హోం విజిట్లు. అందులో నాకు నచ్చింది ఏంటంటే షీటు లేదు. రోజూ ఎలాగూ చేసే పనుల్లోనే దూర్చమంటారు, బట్టలు వేసేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, ఆడుకునేటప్పుడు. చొక్కా తల మీద దాకా తెచ్చి ఆగడం, పాప నా వైపు చూసేదాకా ఆగడం, అంతే. ఆ ఆగడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది, నేను గబగబా చేసేసే రకం.

మాటకి బదులు చూపించడానికి బొమ్మల కార్డులు పెడతామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, కార్డులు అలవాటైతే ఇంక నోరు తెరవదు అని. ట్రైనర్ చెప్పింది, దీని మీద స్టడీలు చూశారు, 2006లో ఒక రివ్యూ కూడా వచ్చింది, కార్డులు, సైగలు లాంటివి వాడినందుకు మాట తగ్గిన పిల్లలు అందులోని గట్టి స్టడీల్లో లేరు, చాలామందికి కొంచెం పెరిగింది కూడా అని. సరే అని పెట్టాం. మా పాప ఎవరూ చేయి పట్టకుండా తనంతట తాను తెచ్చిన మొదటి కార్డు ఏదో తెలుసా? "వద్దు". మా అత్తగారి దగ్గరికే తెచ్చింది, దువ్వెన పట్టుకుని కూర్చుని ఉంటే. ఆమె దువ్వెన పక్కన పెట్టేసింది. ఆ రోజు నుంచి కార్డులకి లామినేషన్ చేయించేది ఆవిడే.

మూడు_చక్రాల_రాజు
ఆ పాప నాకు అభిమాన నాయకురాలు. "వద్దు" కార్డు నాకూ ఒకటి ప్రింట్ కొట్టించండి, ఆఫీస్ మీటింగుల్లో వాడుకుంటా.

అమ్మమ్మ_టైపింగ్
వాయిస్ టైపింగులో చెప్తున్నాను తప్పులుంటే సర్దుకోండి. మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్తుంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లాడు నా దగ్గరే. కానీ ఆ థెరపీ వాళ్లు వచ్చేది ఆదివారం, మాట్లాడేది మా అమ్మాయితో, వీడియో పంపేది మా అమ్మాయికి. నేను పక్కనే కూర్చుని ఉంటాను నన్ను ఎవరూ అడగరు. పిల్లాడిని ఎత్తుకోవాలంటే ఎలా ఎత్తుకోవాలి, నాకు నడుం నొప్పి, వాడు కాళ్లు కత్తెరలా బిగిస్తాడు. నేనే నోరు తెరిచి అడిగితే అప్పుడు ఆ థెరపీ ఆవిడ చూపించింది, ముందు వాణ్ని ఒక పక్కకి తిప్పి మోకాళ్లు మడిచి అప్పుడు దగ్గరికి తీసుకోవాలి, తిన్నగా చంకల కింద పట్టి లేపితే ఇంకా బిగుసుకుంటాడు అని. ఒక్క ఆ ముక్కతో నా ప్రాణం సగం తేలికపడింది. కాబట్టి అమ్మా బుజ్జోడి అమ్మా, నువ్వు గ్రూపుకి వెళ్లేటప్పుడు ఇంట్లో పిల్లాణ్ని ఎవరు చూస్తారో వాళ్లని కూడా లాక్కెళ్లు.

వీధిచివరి_ఫిజియో
అమ్మమ్మగారూ, మీ మాట మా టీం మీటింగులో చెప్తా. మేము చేసే పొరపాటు ఇదే, "మదర్ ట్రైన్డ్" అని టిక్ కొట్టేసి వచ్చేస్తాం.

తమ్ముడి_అక్క
నేను అక్కని. తమ్ముడికి డౌన్ సిండ్రోం. మొదటి పోస్టులో "పెద్దదాని స్కూలు" అని ఒక్క ముక్క ఉంది చూశారా, ఆ పెద్దదాని తరఫున రాస్తున్నా. గ్రూపులో ఆమెని చిన్న థెరపిస్టుని చేయకండి ప్లీజ్. "తమ్ముడి చేత చేయించమ్మా, నువ్వు చెప్తే వింటాడు" అని మొదలవుతుంది, తర్వాత ఆటలన్నీ హోంవర్క్ అయిపోతాయి. అమెరికాలో డాన్ మేయర్ అనే ఆయన 1982లో సిబ్‌షాప్స్ అని మొదలుపెట్టాడు, ఇలాంటి పిల్లల అన్నలూ చెల్లెళ్లూ మాత్రమే కలిసే గ్రూపులు. అక్కడ తమ్ముడి మీద కోపం వస్తుందని చెప్తే ఎవరూ "అలా అనకూడదు" అనరు. మీ గ్రూపులో అది లేకపోయినా కనీసం పెద్ద పిల్లలు ఒక మూల ఆడుకునే ఏర్పాటు అడగండి.

బుజ్జోడి_అమ్మ
తమ్ముడి అక్కా, చదివి మా దాన్ని పిలిచి అడిగా. గ్రూపుకి వస్తావా అంటే "నేను చేయించాలా?" అంది ముందే. నాకు నోట మాట రాలేదు.

రెండో_షిఫ్ట్
నేను గ్రూపుకి వెళ్లేది థెరపీ కోసం కాదండీ నిజం చెప్పాలంటే. ఫిట్స్ వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చేయొచ్చో తెలిసింది అక్కడే. 1971లో అమెరికాలోని ఒమాహాలో ఒక అమ్మ, ఒక సోషల్ వర్కర్ కలిసి ఇలాగే మొదలుపెట్టారంట, కొత్తగా విషయం తెలిసిన అమ్మానాన్నలకి ఆ దారిలో ముందే నడిచిన ఇంకో పేరెంట్‌ని జత చేయడం. మా గ్రూపులో అలాంటి జత నాకు దొరికింది. ఆమె నాకు ఒక్క సలహా ఇవ్వలేదు ఇప్పటిదాకా, వింటుంది, అప్పుడప్పుడూ తిట్టుకుంటాం అందరినీ కలిసి. అది ఏ థెరపీలోకి వస్తుందో ఫిజియో గారే చెప్పాలి.

కోపిష్టి_నాన్న
తిట్టుకునే గ్రూపు అయితే నేనూ వస్తా.

అట్టపెట్టెల_అన్న
గ్రూపు వల్ల మాకు వచ్చిన లాభం కుర్చీ. కొనాలంటే మా వల్ల కాదు, పైగా పిల్లాడు ఏడాదిలో దానికి పెద్దవాడైపోతాడు. అట్టపెట్టెలతో చేసుకున్నాం. నవ్వకండి, జింబాబ్వేలో మొదలైన పద్ధతి ఇది, అట్టలు, పాత కాగితాలు, పిండి జిగురుతో కుర్చీలు, పిల్లల్ని ఆసరాగా నిలబెట్టే స్టాండింగ్ ఫ్రేములు చేస్తారు, చాలా దేశాలకి పాకింది.

చేసేవాళ్లకి రెండు ముక్కలు. అట్ట లోపల గీతలుంటాయి కదా, ఒక పొర గీతలు నిలువుగా ఉంటే దాని మీది పొర అడ్డంగా పెట్టాలి, లేకపోతే వంగిపోతుంది. పొరలన్నీ అంటించాక మీద బరువు పెట్టి చదునుగా ఆరనివ్వాలి, పూర్తిగా, లోపల తడి ఉంటే బూజు పట్టేస్తుంది. చివర్లో వార్నిష్. కొలత ముఖ్యం, పిల్లాడి వీపు వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి అందులో రెండు వేళ్ల వెడల్పు తీసేయాలి, సీటు పొడవు అది. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబంగా ఉండాలి, పాదాల కింద గాలి ఉండకూడదు, ముందు ట్రే మోచేతి ఎత్తులో. కొలతలు మాత్రం థెరపిస్టు చేతే తీయించండి, మేము అలాగే చేశాం.

అమ్మమ్మ_టైపింగ్
నేను కూర్చుంటే ఆగుతుందా నాయనా

అట్టపెట్టెల_అన్న
నేనే కూర్చుని టెస్ట్ చేశానమ్మా, నా బరువు ఇక్కడ చెప్పను 😂

బుజ్జోడి_అమ్మ
ఇవన్నీ రాసుకుని ఆ థెరపిస్టు దగ్గరికి వెళ్లా. కొంచెం గట్టిగానే మాట్లాడా. షీటు వెనక్కి తీసుకుంది. రెండే పెట్టుకున్నాం, ఒకటి కమ్మీ పట్టుకుని నిలబడి నిక్కరు తనే పైకి లాక్కోవడం, రెండోది నేల మీద నుంచి మంచం మీదికి ఎక్కడం. రెండూ రోజూ ఎలాగూ నేను చేసే పనులే, కాకపోతే నేను ఎత్తేస్తున్నా, ఇప్పుడు ఎత్తకుండా పక్కన నిలబడాలి. నిక్కరు మోకాళ్ల పైదాకా నేను తెస్తా, చివరి ముక్క వాడిది. ముందు ఎలాస్టిక్ వదులుగా ఉన్నవి వాడమంది. ఎక్స్‌రే గురించి అడిగితే పోయిన ఏడాదిది ఉంది కదా అంది, కొత్తది ఎప్పుడో డాక్టర్‌ని అడిగి చెప్తానంది.

బుజ్జోడి_నాన్న
సెల్లు చూసుకుంటున్నది ఈ థ్రెడ్డే. స్నానం, నిక్కరు నా డ్యూటీ అని ఇక్కడ రాసిపెట్టమని ఆర్డర్ వచ్చింది, రాశా.

రెండో_షిఫ్ట్
🤣🤣 మోడరేటర్ గారూ, ఈ పోస్టుని పిన్ చేయండి.

మూడు_చక్రాల_రాజు
బావగారికి స్వాగతం. వాడు నిక్కరు లాక్కుంటుంటే మధ్యలో చేయి పెట్టి సాయం చేయకండి, ఎంత లేటైనా సరే. మా నాన్న అదే చేసేవాడు.

కోపిష్టి_నాన్న
బుజ్జోడి అమ్మగారూ, అన్నీ బాగున్నాయి, "డాక్టర్‌ని అడిగి చెప్తా" అన్నది మాత్రం బాగాలేదు. ఎక్స్‌రే తేదీ కాగితం మీద రాయించుకోండి. సెంటర్‌లో ఫైలు క్లోజ్ చేసి గ్రూపుకి మార్చాం అంటే ఒప్పుకోవద్దు, రెండూ నడవాలి. ఫిజియో మారితే కొత్తావిడ ఎవరు, ఏం చదివింది, ఎవరు ఆమెని చూసుకుంటారు అని అడగండి. చెడ్డపేరు వస్తే నా పేరు చెప్పండి.

వీధిచివరి_ఫిజియో
ఆయన చెప్పినవన్నీ అడగండి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ కూడా వెంట తీసుకెళ్లండి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తుంటి పక్కకి జరిగిందా లేదా తెలిసేది.

బుజ్జోడి_అమ్మ
ఫిల్మ్ బీరువాలో ఉంది, తీసి బ్యాగులో పెట్టా. అట్టపెట్టెల అన్నా, ఆ జిగురు ఎంత చిక్కగా ఉండాలి?

అట్టపెట్టెల_అన్న
బ్రష్‌కి పట్టుకోవాలి కానీ ముద్దగా ఉండకూడదు. ఉండలు లేకుండా వడగట్టండి. కుర్చీకి వేరే థ్రెడ్ తెరుస్తున్నా, ఫొటోలు అక్కడ పెడతా.